స్వతంత్రులమంటూనే దాసులమని ఎందుకు చెప్పుకొంటాం?

“క్రీస్తు మనలను స్వతంత్రులను చేశాడని ప్రతి ఆదివారం వింటున్నాను. కానీ మా సంఘంలో నగలు పెట్టుకోకూడదు, సినిమాకు వెళ్లకూడదు, ఆఫీసులో ఎవరైనా ప్రసాదం పెడితే తీసుకోకూడదు, ఆదివారం ఆరాధన మానకూడదు. ఇన్ని ‘కూడదు’ల మధ్య ఆ స్వాతంత్ర్యం ఎక్కడుంది? పైగా బైబిలులోని పత్రికలు ఎన్నో రాసిన పౌలు తనను తానే దాసుడినని చెప్పుకొన్నాడు కదా” అని మీరు అడిగారు. ముప్పై ఏళ్లుగా పల్లెల్లోనూ పట్టణాల్లోనూ బైబిలు తరగతులు చెబుతున్న నాకు ఈ ప్రశ్న కొత్తది కాదు. సాధారణంగా తరగతి ముగిసి అందరూ వెళ్లిపోయాక, ఎవరో ఒకరు వెనక ఉండిపోయి, గొంతు తగ్గించి అడుగుతారు. మీరు నలుగురిలో అడిగినందుకు సంతోషిస్తున్నాను. నా సమాధానం సారం ముందే చెబుతాను. క్రైస్తవ విశ్వాసంలో స్వతంత్రుడంటే ఎవరికీ చెందనివాడని అర్థం కాదు. భయపెట్టి పని చేయించుకొనే యజమాని దగ్గరినుంచి, వెల తానే చెల్లించి విడిపించిన తండ్రి ఇంటికి చేరినవాడని అర్థం. మీ సంఘంలోని నియమాలలో ఏది ఆ ఇంటి పద్ధతి, ఏది పాత యజమాని కొరడా అన్నది ఒక్కొక్కదాన్ని విడిగా చూసి తేల్చుకోవలసిన విషయం.

మన చిక్కులో సగం తెలుగు మాటల దగ్గరే మొదలవుతుంది. స్వాతంత్ర్యం అనగానే మనకు 1947 ఆగస్టు 15 గుర్తుకు వస్తుంది. పరాయి పాలకుడు వెళ్లిపోయాడు, ఇక మన పాలన మనదే అన్న భావం ఆ మాటకు అంటుకొని ఉంది. మాట పొందిక కూడా అటే లాగుతుంది, ఎందుకంటే స్వతంత్రుడంటే తన తంత్రం తన చేతిలో ఉన్నవాడు. కొత్త నిబంధనలోని గ్రీకు మాట ‘ఎల్యూతెరోస్’ మాత్రం అన్నిటికంటే ముందు ఒక హోదాను చెబుతుంది. ఆనాటి సమాజంలో ఆ మాటకు మొదటి అర్థం, బానిస కానివాడు అని. దానికి ఎదురుగా నిలిచే ‘దూలోస్’ అన్న మాటను మన బైబిలు చాలాచోట్ల దాసుడని అనువదించింది. దాసుడన్న మాటలో మన చెవికి భక్తి వినిపిస్తుంది. కంచర్ల గోపన్న రామదాసు అయ్యాడంటే అది ఆయనకు గౌరవమే గాని చిన్నతనం కాదు. రోమా సామ్రాజ్యంలో దూలోస్ అంటే అమ్మకానికి పెట్టదగిన మనిషి, తన బిడ్డ మీద కూడా చట్టరీత్యా హక్కు లేని మనిషి. ఇలా మన భాషలో స్వాతంత్ర్యమన్న మాటకు లేని అర్థం వచ్చి చేరింది, దాసుడన్న మాటలో ఉండవలసిన నొప్పి పోయింది. ఈ రెండు మాటలను వాటి కాలంలో పెట్టి చదివితే పౌలు రెంటినీ ఒకే నోట ఎలా పలికాడో తెలుస్తుంది.

పౌలు క్రీ.శ. 50 ప్రాంతంలో గ్రీసులోని కొరింథుకు వచ్చాడు. ఆ పట్టణాన్ని రోమీయులు క్రీ.పూ. 146లో నేలమట్టం చేశారు, దాదాపు నూరేళ్ల తరువాత క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ దాన్ని మళ్లీ నిలబెట్టాడు. అక్కడికి పంపిన వలస కుటుంబాలలో ఎక్కువమంది విడుదల పొందిన బానిసలేనని ప్రాచీన భూగోళకారుడు స్ట్రాబో రాశాడు. అంటే ఆ సంఘంలో కూర్చొని పౌలు ఉత్తరం విన్నవారికి బానిసత్వం, విడుదల అనేవి సొంత ఇంటి కథలు. రోమా పద్ధతిలో విడుదల పొందినవాడు కూడా పాత యజమానికి గౌరవమూ కొంత సేవా బాకీపడేవాడు, అతని ఇంటి పేరునే తన పేరుగా మోసేవాడు. కొరింథుకు సముద్రపాయ అవతల డెల్ఫీలో మరొక ఆచారం ఉండేది. అక్కడి అపొల్లో గుడి ప్రాంగణంలోని రాళ్ల మీద, ముఖ్యంగా గుడి కింది పెద్ద గోడ మీద, వెయ్యికి పైగా విడుదల శాసనాలు చెక్కి ఉన్నాయి. ఫలానా యజమాని ఫలానా బానిసను ఇంత వెలకు “స్వాతంత్ర్యం కొరకు” అపొల్లోకు అమ్మాడని వాటి పాఠం. పేరుకు కొన్నది దేవుడు, నిజానికి డబ్బు బానిస కూడబెట్టుకొన్నదో, అప్పు తెచ్చుకొన్నదో. వాటిలో చాలా శాసనాలలో మరో షరతు కూడా ఉంటుంది. విడుదలైనవాడు పాత యజమాని చనిపోయేవరకు అతని దగ్గరే ఉండి పని చేయాలి.

గలతీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో “మీరు స్వతంత్రులుగా ఉండుటకు పిలువబడితిరి” అన్నచోట పౌలు వాడిన గ్రీకు పదబంధం, ఆ శాసనాలలో “స్వాతంత్ర్యం కొరకు” అన్నచోట కనిపించే పదబంధమే. పౌలు ఆ ఆచారాన్నే మనసులో పెట్టుకొని రాశాడా అన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు, నేనూ పట్టుబట్టను. పోలిక కన్నా తేడాయే నాకు ముఖ్యం. డెల్ఫీలో వెల బానిసే తెచ్చుకోవాలి, సిలువ దగ్గర వెల కొన్నవాడే చెల్లించాడు. కొరింథీయులకు “విలువపెట్టి కొనబడినవారు” అని రాసిన పౌలే, ప్రభువు పిలిచిన బానిస ప్రభువు విడిపించినవాడని, స్వతంత్రుడిగా ఉండగా పిలుపు అందుకొన్నవాడు క్రీస్తు దాసుడని అదే పత్రికలో రాశాడు. విమోచన అని మనం పాటల్లో పాడుకొనే మాటకు మూలార్థం ఇదే. వెల ఇచ్చి విడిపించడం. వెల చెల్లిపోయింది గనుక విశ్వాసి తన మంచి పనులతో ఇంకా వాయిదాలు కట్టనవసరం లేదు. తనను విడిపించినవాడికి తాను చెందుతాడు, పాత యజమానికి మాత్రం ఏ బాకీ లేదు.

ఆ పాత యజమాని ఎవరన్నదానికి కొత్త నిబంధన ఒకటికి మించిన జవాబులు ఇస్తుంది. యోహాను సువార్త 8వ అధ్యాయంలో యేసు, పాపం చేసే ప్రతివాడూ పాపానికి దాసుడని చెప్పాడు. అంతకు ముందు, సత్యం మిమ్మల్ని స్వతంత్రులను చేస్తుందని ఆయన అన్నప్పుడు, మేము అబ్రాహాము సంతానం, ఎన్నడూ ఎవరికీ దాసులం కాలేదని వినేవారు బదులిచ్చారు. ఐగుప్తు దాస్యం, బబులోను చెర తమ చరిత్రలోనే ఉండగా, రోమా సైనికులు తమ వీధుల్లోనే తిరుగుతుండగా వారు ఆ మాట అనగలిగారు. కట్టు కనబడకపోవడమే ఆ దాస్యపు లక్షణం అనిపిస్తుంది నాకు. గలతీయ సంఘాలలో పౌలు ఎదుర్కొన్న యజమాని ఇంకా గుర్తుపట్టడానికి వీలులేని వేషంలో వచ్చాడు. అన్యజనులలోనుంచి, అంటే యూదులు కానివారిలోనుంచి, వచ్చిన విశ్వాసులు సున్నతి పొందితేనే దేవుని ప్రజలవుతారని కొందరు బోధించారు. సున్నతిని ఆజ్ఞాపించే యూదుల ధర్మశాస్త్రం దేవుడిచ్చిందే, పరిశుద్ధమైనదే. అయినా దాన్ని దేవుని ఇంట్లోకి రావడానికి కట్టవలసిన రుసుముగా మార్చినప్పుడు అది “దాస్యమను కాడి” అయిందని పౌలు రాశాడు.

ఇక్కడ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడమని కోరుతున్నాను, ఎందుకంటే మీ ప్రశ్నకు తాళంచెవి వాటిలోనే ఉందని నా నమ్మకం. పౌలు సహచరుడు తీతు గ్రీసుదేశస్థుడు. అతనికి సున్నతి చేయించాలని యెరూషలేములో ఒత్తిడి వచ్చినప్పుడు పౌలు ఒక్క గడియ కూడా లోబడలేదని గలతీ పత్రిక 2వ అధ్యాయం చెబుతుంది. తిమోతి తల్లి యూదురాలు, తండ్రి గ్రీసుదేశస్థుడు. అతనిని తనతో ప్రయాణానికి తీసుకువెళ్లే ముందు, ఆ ప్రాంతపు యూదులను బట్టి, అదే పౌలు అతనికి సున్నతి చేయించాడని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చెబుతుంది. అదే ఆచారం, అదే మనిషి, రెండు వేర్వేరు నిర్ణయాలు. తీతు విషయంలో సున్నతిని రక్షణకు షరతుగా అడిగారు. తిమోతి విషయంలో అది తాము చేరవలసిన మనుషుల గుమ్మం ముందు అడ్డు తొలగించుకోవడానికి ఇష్టపూర్వకంగా చేసిన పని. పౌలుకు స్వాతంత్ర్యం చేయకుండా ఉండటంలోనూ ఉంది, చేయడంలోనూ ఉంది. భయంతో చేయడంలో మాత్రం లేదు.

మీ ఆఫీసు ప్రసాదం సంగతి దీనితోనే ముడిపడి ఉంది. మన సంఘాలలో ఈ విషయంపై జరిగినంత వాదన మరి దేనిమీదా జరగలేదు గనుక కొంచెం నెమ్మదిగా చెబుతాను. కొరింథులో దొరికే మాంసంలో చాలా భాగం ఏదో ఒక గుడిలో బలి ఇచ్చినదే కావచ్చు. గుడులకు ఆనుకొని విందు గదులు ఉండేవి, బంధువులూ వృత్తి సంఘాలవారూ అక్కడే భోజనాలకు పిలిచేవారు. విగ్రహం వట్టిది, దేవుడు ఒక్కడే, కాబట్టి ఏం తిన్నా ఫరవాలేదని సంఘంలో కొందరు ధైర్యంగా అనేవారు. వారి జ్ఞానం తప్పని పౌలు అనలేదు. “అయినను మీకు కలిగియున్న యీ స్వాతంత్ర్యమువలన బలహీనులకు అభ్యంతరము కలుగకుండ చూచుకొనుడి” అన్నాడు. నిన్నటివరకు ఆ విగ్రహాన్ని పూజించిన మనిషి వారిని చూసి, తన మనస్సాక్షి వద్దంటున్నా తింటే, ఆ మనిషి లోపల ఏదో విరిగిపోతుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలను కలిపి చదివితే పౌలు మూడు సందర్భాలను వేరు చేశాడని కనబడుతుంది. ఆరాధనలో భాగమైన పంక్తిలో కూర్చోవద్దన్నాడు. అంగడిలో అమ్మేదాన్ని ఆరాలు తీయకుండా కొనుక్కొని తినమన్నాడు. అవిశ్వాసి ఇంటికి భోజనానికి పిలిస్తే పెట్టింది తినమన్నాడు, అయితే ఇది బలి అర్పించినదని ఎవరైనా ప్రత్యేకించి చెబితే, చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానుకోమన్నాడు.

కాబట్టి పూజలో పాల్గొనడమూ, సహోద్యోగి ప్రేమతో చేతిలో పెట్టిన లడ్డూ తినడమూ ఒకటే అని నేను అనుకోను. ఆ లడ్డూ మిమ్మల్ని క్రీస్తునుంచి విడదీయలేదు. అదే సమయంలో, ఇంటివారి కోపాన్ని భరించి ఆ ఆరాధనను వదిలి వచ్చిన కొత్త విశ్వాసి మీ పక్కన కూర్చొని ఉంటే, మీరు దాన్ని మానుకోవడం అతనికి చేసే సేవ. తొలి సంఘ నాయకులు యెరూషలేములో జరిపిన సభ అన్యజన విశ్వాసులకు పంపిన లేఖలో కూడా విగ్రహార్పితాలను విసర్జించమని ఉంది గనుక, అన్ని సందర్భాల్లోనూ దూరంగా ఉండే సహోదరులను ఎంతమాత్రం తక్కువ చేయను. వారు మానుకొనేది దేవుని మీద ప్రేమతోనా, లేక ఎవరైనా చూస్తారన్న భయంతోనా అన్నదే వారు తమను తాము అడుగవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్న నేను నాకు వేసుకోవలసి వచ్చింది. నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఒక వినాయక చవితి నాడు పక్కింటి పిన్నిగారు గిన్నెలో ఉండ్రాళ్లు పెట్టి మా గుమ్మం దగ్గరికి తెచ్చారు. మా నాన్నగారు జబ్బుపడి మంచంలో ఉన్న నెల రోజులూ మా ఇంటికి మంచినీళ్లు మోసిన మనిషి ఆమె. నేను గడప ఇవతలే నిలబడి, మేము ఇలాంటివి ముట్టుకోమని, విగ్రహాల గురించి నాలుగు వచనాలు కూడా చెప్పి పంపేశాను. ఆమె గిన్నె మీద కొంగు కప్పుకొని వెనక్కి వెళ్లిపోయారు. ఆనాడు నేను ఏ బలహీనుడి మనస్సాక్షినీ కాపాడలేదు. వీధిలో ఎదురుగా సంఘపెద్ద ఇల్లు ఉంది, ఆయన చూస్తున్నాడేమోనన్నదే నా భయం. రెండు చేతులా గిన్నె అందుకొని ఆమెను లోపలికి పిలిచి కూర్చోబెట్టి, మా విశ్వాసం సంగతి మెత్తగా చెప్పి ఉండవచ్చు. నోటినిండా స్వాతంత్ర్యం గురించి వచనాలున్నా, ఆ రోజు నేను బానిసగానే మాట్లాడాను. రోమీయులకు రాసిన పత్రిక 8వ అధ్యాయంలో “దాస్యపు ఆత్మ” అన్న మాట చదివినప్పుడల్లా నాకు ఆ కొంగు గుర్తుకు వస్తుంది.

నియమాలన్నీ కొరడాలే అనుకోవడం కూడా పొరపాటే, అది మన నేల మీదే రుజువైంది. 1866లో ఒంగోలుకు వచ్చిన అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ పరిచర్యలో మాదిగ పల్లెలనుంచి జనం పెద్ద ఎత్తున సంఘంలో చేరారు. 1876 నుంచి 1878 వరకు సాగిన గొప్ప కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం ఒప్పందానికి తీసుకొని వేలాదిమందికి కూలి కల్పించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ తీరంలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంతకు చాలా ముందే, మాదిగలను చేర్చుకోవద్దని పై కులాలవారు ఒత్తిడి తెచ్చినా ఆయన వారిని వదలలేదు. ఆ సంఘాలలో చేరినవారికి ముఖ్యంగా మూడు కట్టుబాట్లు ఉండేవి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. పైకి చూస్తే ఇవీ ‘కూడదు’లే. కానీ ఏడు రోజులూ పిలిస్తే పలకవలసిన వెట్టి మనిషి “ఈ ఒక్క రోజు నేను రాను” అని చెప్పగలగడం, జాతరలో డప్పు కొట్టడం తన పుట్టుకతో వచ్చిన బాకీ కాదని నిలబడగలగడం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. దానికి వారు బావుల దగ్గరా పొలాల దగ్గరా శిక్ష అనుభవించారు, అయినా నిలబడ్డారు. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో విశ్రాంతి దినాన్ని పాటించమన్న ఆజ్ఞకు చెప్పిన కారణం కూడా ఇదే. నీవు ఐగుప్తులో దాసుడవై యుండిన సంగతి జ్ఞాపకం చేసుకో, నీ దాసుడూ నీ దాసీ కూడా విశ్రమించాలి అని. విశ్రాంతి దినం అన్న నియమం పుట్టింది పని నుంచి మనిషిని విడిపించడానికి. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నర్సును, ఆరాధనకు రాలేదని నలుగురిలో నిలదీయడానికి అదే నియమాన్ని వాడితే, ఐగుప్తు మళ్లీ మన మధ్యకు వచ్చినట్టే.

ఆత్మ విడుదల వేరు, మనిషి బతుకులోని విడుదల వేరు అని గీత గీసేవారూ ఉన్నారు. 1525 మార్చిలో జర్మనీలోని మెమ్మింగెన్ పట్టణంలో రైతులు పన్నెండు కోరికలు రాసుకొన్నారు. క్రీస్తు తన రక్తంతో మనందరినీ విమోచించాడు, కాబట్టి మమ్మల్ని ప్రభువుల సొత్తుగా ఉంచడం తగదు అన్నది మూడో కోరిక. ఐదేళ్ల ముందే విశ్వాసి స్వాతంత్ర్యం గురించి అద్భుతంగా రాసిన జర్మన్ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్, ఇది ఆత్మసంబంధమైన స్వాతంత్ర్యాన్ని శరీరసంబంధం చేయడమేనని ఆ కోరికను తోసిపుచ్చాడు. ఆయనపట్ల నాకెంతో గౌరవం ఉన్నా, ఈ ఒక్క విషయంలో రైతులే పౌలుకు దగ్గరగా ఉన్నారని నేననుకొంటాను. పారిపోయిన బానిస ఒనేసిమును వెనక్కి పంపుతూ, ఇక దాసుడిగా కాక ప్రియ సహోదరుడిగా చేర్చుకోమని పౌలు అతని యజమాని ఫిలేమోనుకు రాశాడు. సహోదరుడైన మనిషిని ఎంతకాలం సొత్తుగా ఉంచుకోగలరు? నాలుగో శతాబ్దంలో నిస్సా పట్టణపు బిషప్ గ్రెగొరీ, దేవుని పోలికలో చేసిన మనిషికి వెల కట్టగలవాడు ఎవడని తన ప్రసంగంలో సూటిగా అడిగాడు. చాలా సంఘాలు ఆ మాటను పదిహేను వందల ఏళ్లపాటు వినలేదన్నది మనం దాచకూడని నిజం. రొట్టె, ద్రాక్షారసం పంచుకొనే ప్రభువు బల్ల దగ్గర కలిసి కూర్చొని, సమాధుల తోటలో మాత్రం కులాలవారీగా విడిపోయే మన సంఘాలూ ఇంకా పూర్తిగా విన్నట్టు కాదు.

నగల విషయానికి వస్తే, పేతురు, తిమోతి పత్రికలలో ఉన్న హెచ్చరిక సంపన్న స్త్రీల ఆడంబరానికి సంబంధించినది. ఒక తరగతిలో ఒక పెద్దావిడ నాతో, “అయ్యగారూ, ఎవరూ బంగారం పెట్టుకోకపోతే కూలికి పోయే నేనూ మా మోతుబరి అమ్మగారూ ఒకే చాప మీద సిగ్గుపడకుండా కూర్చోగలం” అన్నారు. ఆ కారణంతో నగలు మానే సంఘం అందమైన పని చేస్తోంది, అందులో చేరడానికి మీకు అభ్యంతరం ఉండనక్కరలేదు. సినిమాల విషయంలో నేను చెప్పగలిగేది తక్కువ. ఏ సినిమా, దాన్ని చూశాక మీ మనసు ఎటు పోతోంది అన్నది మీ మనస్సాక్షి చెబుతుంది. అన్నిటియందు స్వాతంత్ర్యముంది గాని దేనిచేతనూ లోపరచుకోబడనని పౌలు కొరింథీయులతో అన్న మాట ఇక్కడ సరిపోతుంది.

మీ సంఘపెద్దలతో తప్పక మాట్లాడండి. వెళ్లేటప్పుడు ఫిర్యాదుల పట్టిక కాక గలతీ పత్రిక 2వ అధ్యాయాన్ని తీసుకువెళ్లి, వారితో కలిసి చదవండి. ఒక్కొక్క నియమం గురించి, దీని వల్ల మన మధ్య ఎవరికి మేలు జరుగుతోందని వినయంగా అడగండి. ఫలానా బలహీనుడికి, ఫలానా పేదరాలికి అని వారు చూపగలిగితే, మీ హక్కును ఆనందంగా వదులుకోండి, తిమోతి అదే చేశాడు. అలా కాక, చెవికమ్మలు తీయకపోతే ప్రభువు బల్లలో భాగం లేదని, తీయనివారిని దేవుడు అంగీకరించడని వారు అంటే, అప్పుడు మీ ముందున్నది తీతుకు వచ్చిన పరిస్థితి. మాట మర్యాదగానే ఉంచండి, లోబడవలసిన అవసరం మాత్రం లేదు.